యాక్సిడెంట్ తర్వాత పట్టుకున్న భయానికి నష్టపరిహారం అడగొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: మీ అక్క వయసు 32. ప్రైవేటు స్కూల్లో టీచర్, నెలకు 18 వేల జీతం. తెనాలి దగ్గర స్కూటీ మీద బడికి వెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడికాలి ఎముక విరిగితే ప్లేటు వేశారు. నాలుగు నెలలైంది, ఇప్పుడు నడుస్తోంది. కానీ బండి ఎక్కదు. లారీ హారన్ వినబడితే ఒళ్లంతా చెమటలు పోస్తాయి. రాత్రుళ్లు నిద్ర లేదు, ఉద్యోగం మానేసింది. "ఎముక అతికింది కదా, పదో పరకో వస్తుంది, టెన్షన్‌కి డబ్బులెవరిస్తారు?" అని ఇన్సూరెన్స్ తరఫున వచ్చిన మనిషి అన్నాడు. అది నిజమేనా అనేది మొదటి ప్రశ్న. బస్టాపులో నిలబడి ప్రమాదాన్ని కళ్లారా చూసిన మీ అమ్మ కూడా అప్పటి నుంచి సరిగ్గా లేరు, ఆవిడ కూడా అడగొచ్చా అనేది రెండోది.

నేను చాలా ఏళ్లుగా బాధితుల తరఫున మోటారు ప్రమాద కేసులు వాదిస్తున్న లాయర్ని. ఆ ఇన్సూరెన్స్ మనిషి చెప్పింది నిజం కాదు. మనసుకు తగిలిన దెబ్బకూ పరిహారం అడగొచ్చు, ఇస్తారు కూడా. కాకపోతే "ప్రమాదం వల్ల తీవ్ర మానసిక వేదనకు గురయ్యాను" అని పిటిషన్లో ఒక వాక్యం రాసి ఊరుకుంటే ఇవ్వరు. ఆ వాక్యం ప్రతి పిటిషన్లోనూ ఉంటుంది, జడ్జిగారు దాని మీదుగా చూపు జరిపేస్తారు. భయం ఉందని చెబితే చాలదు. ఆ భయం మీ అక్క బతుకులోంచి ఏమేం తీసుకుపోయిందో కాగితం మీద చూపించాలి.

దానికంటే ముందు గడువు సంగతి చూడండి, మీకు టైం తక్కువగా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్లో (మోటారు ప్రమాదాల పరిహారం కేసులు వినే కోర్టు) క్లెయిమ్ పిటిషన్ వేయాలి. చాలా ఏళ్లపాటు ఇలాంటి గడువే లేదు. అందుకే ఊళ్లో పెద్దవాళ్లు, కొందరు పాత లాయర్లు కూడా "ఎప్పుడైనా వేసుకోవచ్చులే" అంటుంటారు. 2019 సవరణతో గడువు మళ్లీ వచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లు ఉన్నారు గానీ, ఆ ఆశ మీద మీరు కూర్చోవద్దు. మానసిక వైద్యం కాగితాలన్నీ చేతికొచ్చాక వేద్దామని ఆగకండి. ఇప్పుడే వేయించండి. కాలి గాయంతో పాటు మానసిక గాయాన్ని కూడా వేరే పేరాలో స్పష్టంగా రాయించండి, కాగితాలు తర్వాత దాఖలు చేసుకోవచ్చు. మన దగ్గర ఈ పిటిషన్‌ను ఎం.వి.ఓ.పి. (మోటారు వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీ అక్క ఉంటున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు.

ఇక చట్టం ఏమంటుందంటే, 1995లో హట్టంగడి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. బిల్లులతో లెక్క తేలని నష్టాల్లో మానసిక షాక్, ఇప్పటిదాకా పడ్డ బాధ, ఇకముందు పడబోయే బాధ, జీవితంలో ఎదురయ్యే ఇబ్బంది, నిరాశ, మానసిక ఒత్తిడి అన్నీ చేరతాయని పేర్కొంది. 2011లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పు వచ్చింది. గాయపడినవాళ్ల కేసు వాదించే ప్రతి లాయరూ బల్ల మీద పెట్టుకునే తీర్పు అది. నొప్పి, బాధ, ట్రామా ఒక పద్దు. జీవితంలోని సుఖసంతోషాలు కోల్పోవడం ఇంకో పద్దు. ఇవి కాక వైద్యం ఖర్చు, ఆగిపోయిన జీతం, ముందు ముందు తగ్గిపోయే సంపాదన విడి పద్దులు.

ఎక్కువమంది లాయర్లు మానసిక గాయాన్ని తీసుకెళ్లి ఆ మొదటి పద్దులో పడేసి చేతులు దులుపుకుంటారు. కాలు విరిగిన మామూలు కేసులో ఆ పద్దు కింద వచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు. మెదడు దెబ్బతిని పూర్తిగా మంచానికే పరిమితమైన 12 ఏళ్ల పాప కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ పద్దు కింద 15 లక్షలిచ్చిన మాట నిజమే. 90 శాతం వైకల్యం వచ్చిన ఒకాయనకు 2024లోనూ అంతే ఇచ్చింది. వాటితో మీ అక్క కేసును పోల్చుకోవద్దు.

అసలు డబ్బు సంపాదన పద్దులో ఉంది. రాజ్‌కుమార్ తీర్పు చెప్పిన ముఖ్యమైన మాట ఏమిటంటే, డాక్టరు రాసిన వైకల్యం శాతం వేరు, దానివల్ల సంపాదన ఎంత తగ్గిందన్న శాతం వేరు. కాలికి 10 శాతం వైకల్యమే రాసినా, ఆ మనిషి ఇల్లు దాటి పనికి వెళ్లలేకపోతే నష్టం 10 శాతంతో ఆగదు. ఉదాహరణకు ట్రిబ్యునల్ మీ అక్క సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని నమ్మిందనుకోండి. ఏడాదికి జీతం 2,16,000. ఆవిడ వయసుకు గుణకం (ఏడాది సంపాదనను హెచ్చవేసే అంకె) 16. గుణిస్తే 34,56,000, అందులో 20 శాతం 6,91,200. నలభై ఏళ్లలోపు వాళ్లకు, పర్మనెంట్ ఉద్యోగం కాకపోయినా, ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద మరో 40 శాతం కలుపుతారు. అంటే 9,67,680. ఆ 20 శాతంలో కాలి వాటా ఎంత, మనసు వాటా ఎంత అన్నది మీరు పెట్టే సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాచిపెట్టి మీకు ఆశ పెట్టలేను. ఈ రకం భయం చాలామందిలో వైద్యంతో తగ్గుతుంది. తగ్గుతుందని డాక్టరే చెబితే ట్రిబ్యునల్ దాన్ని శాశ్వత నష్టంగా తీసుకోదు, గుణకం వేయదు. అప్పుడు ఉద్యోగం లేని కాలానికి జీతం, వైద్యం ఖర్చు, బాధ పద్దు కలిపి ఇస్తుంది. ఏడాదిన్నర ఇంట్లో ఉండాల్సి వస్తే జీతమే 3,24,000. అదీ చిన్న మొత్తం కాదు. డబ్బు పెరుగుతుందని వైద్యం వాయిదా వేసే ఆలోచన ఇంట్లో ఎవరికైనా వస్తే మాత్రం అక్కడే ఆపేయండి. అది మనిషికీ చేటే, కేసుకూ చేటే. "వైద్యం చేయించుకుంటే తగ్గేది, ఈవిడే చేయించుకోలేదు" అని వాదించే అవకాశం అవతలివాళ్లకు దొరుకుతుంది.

అందుకని ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మన ఇళ్లలో ఇదే ఆలస్యమవుతుంది. ముందు దిష్టి తీస్తారు, తర్వాత తాయెత్తు కట్టిస్తారు, ఆ తర్వాత తెలిసిన ఆర్ఎంపీ నిద్రమాత్ర ఇస్తాడు. హైదరాబాద్ వైపు "ఎర్రగడ్డకి పోవాలి నువ్వు" అనడం ఇప్పటికీ తిట్టే కదా. పెళ్లి కావాల్సిన పిల్ల అయితే ఇంకా దాస్తారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ నెలలన్నిటికీ ఒక్క కాగితం కూడా ఉండదు. కాగితం లేని నెలలో మీ అక్క బాగానే ఉందని అవతలి లాయరు అంటాడు.

డాక్టరు కాగితం ఎలా ఉండాలో చూడండి. నా దగ్గరికి వచ్చే చీటీల్లో సగం ఇలా ఉంటాయి: "యాంక్సైటీ, నిద్రలేమి. మాత్రలు 15 రోజులు." అంతే. ప్రమాదం అన్న మాటే ఉండదు. దానితో కోర్టులో ఏం చేయాలి? పనికొచ్చే కేస్ షీట్ ఇంకోలా ఉంటుంది: ఫలానా తేదీన రోడ్డు ప్రమాదం, అంతకుముందు ఇలాంటి సమస్య లేదు, లారీ హారన్ విన్నప్పుడల్లా గుండెదడ, చెమటలు, వారంలో నాలుగు రాత్రులు అదే సంఘటన కలలోకి వచ్చి లేచి కూర్చుంటున్నారు, బండి నడపడం మానేశారు, వెనక కూర్చోవడానికీ ఒప్పుకోవడం లేదు, పనికి వెళ్లడం లేదు. దాని కింద రోగ నిర్ధారణ, దాని కోడ్. ఉదాహరణకు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అయితే ఐసీడీ-10లో (డాక్టర్లు వాడే అంతర్జాతీయ రోగాల జాబితా) ఎఫ్ 43.1. హామిల్టన్ స్కేల్ లాంటి కొలత ఏదైనా వేసి ప్రతి విజిట్‌లో స్కోరు రాస్తే ఇంకా మంచిది. మొదటి నెల ఎంత ఉంది, ఆరో నెల ఎంత ఉంది అన్నది కంటికి కనబడుతుంది. ఇవన్నీ డాక్టరు రాయాలంటే మీ అక్క అన్నీ విప్పి చెప్పాలి. సిగ్గుపడి "కొంచెం టెన్షన్‌గా ఉంటోందండీ" అంటే ఆయనా అదే రాస్తాడు. లేనిది కల్పించి చెప్పాల్సిన పని అసలు లేదు. కల్పించినది రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

థెరపీకి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికే వెళ్లండి. మూడు నెలల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్న కౌన్సెలర్ ఇచ్చిన సర్టిఫికెట్ అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడదు. ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీ అయినా నాకు అభ్యంతరం లేదు, నిజానికి ఆ రికార్డుకు కోర్టులో విలువ ఎక్కువే. కేస్ షీట్ కాపీ అడిగే హక్కు మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, 2017 ఇస్తుంది. మీ అక్కకు సొంత హెల్త్ పాలసీ ఉంటే మానసిక వైద్యానికి వర్తిస్తుందేమో చూడండి, శరీర రోగాలకు ఇచ్చినట్టే వీటికీ ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

ఇప్పుడు, వైద్యానికి ఆలస్యంగా వెళ్తే క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా సాగుతుందో చెబుతాను. ముందుగా తెలిస్తే మీ అక్క బోనులో తడబడదు.

"అమ్మా, ప్రమాదం జరిగిన ఎన్నాళ్లకు మానసిక డాక్టరు దగ్గరికి వెళ్లారు?"

"ఎనిమిది నెలలకండీ."

"అంటే ఈ కేసు వేసిన తర్వాతే కదా?"

"అవునండీ."

"వెళ్లమన్నది మీ లాయరు గారేనా?"

ఇంతలోనే సగం కేసు పోతుంది. తర్వాత డాక్టరు వంతు. "ఈవిణ్ని ఎన్నిసార్లు చూశారు డాక్టరు గారూ?" ఒకసారి. "మీరు రాసిన లక్షణాలన్నీ ఆవిడ చెప్పినవే కదా? స్కానింగులో తేలినవి కావు కదా?" కావు. "ఇవే లక్షణాలు ఇంట్లో గొడవల వల్ల కూడా రావచ్చు కదా?" రావచ్చు. ఆ ఒక్క "రావచ్చు" తీర్పులోకి ఎక్కుతుంది. డాక్టరు అబద్ధం చెప్పలేదు, సైన్సు ప్రకారం ఎవరైనా అదే చెబుతారు. కానీ అదే డాక్టరు రెండు మూడు నెలలకోసారి చూస్తూ, ప్రమాదానికి ముందు ఇవి లేవని మొదటి రోజే రాసి ఉంటే, తిరిగి మేం అడగడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది: "ఈ పేషెంటులో ఏ కారణం వల్ల వచ్చాయి?" "ప్రమాదం వల్ల." చికిత్స చేయని డాక్టరు ఇచ్చే రెడీమేడ్ సర్టిఫికెట్లను ఊరికే నమ్మొద్దని ట్రిబ్యునళ్లకు రాజ్‌కుమార్ తీర్పులోనే హెచ్చరిక ఉంది. కోర్టు ఆవరణలో "సర్టిఫికెట్ నేనిప్పిస్తా" అనే బ్రోకరు ఎదురైతే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోండి.

డాక్టరు కోర్టుకు రాలేనంటే అడ్వకేట్ కమిషనర్‌ను వేయించి ఆసుపత్రిలోనే సాక్ష్యం నమోదు చేయించవచ్చు. ఖర్చు మనమే పెట్టుకోవాలి, అయినా వెనకాడకండి. డాక్టరు సాక్ష్యం లేకుండా కాగితం ఒక్కటే కోర్టు రికార్డులో చేర్పిస్తే దాని బరువు తక్కువ. మెడికల్ బోర్డు వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. ఉంటే మంచిదే. ఆందోళన రుగ్మతలకు అక్కడ 40 శాతం దాటడం కష్టం, కానీ ఆ 40 శాతం గీత ప్రభుత్వ పథకాలకు సంబంధించినది. ట్రిబ్యునల్‌కు ఆ గీతతో పనిలేదు.

డాక్టరు కాగితాలకు సమానంగా నేను చూసేది ఉద్యోగం కాగితాలు. మీ అక్క రాజీనామా లేఖలో ఏం రాసింది? "వ్యక్తిగత కారణాల వల్ల" అని రాసి ఉంటే (అందరూ అదే రాస్తారు) ఇన్సూరెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఇంకా రాజీనామా ఇవ్వకపోతే ఇవ్వకండి, జీతం లేని సెలవు అడగండి. ఇచ్చేసి ఉంటే హెడ్‌మాస్టరు చేత ఒక లేఖ రాయించుకోండి: ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ప్రమాదం తర్వాత ఎన్ని రోజులు వచ్చారు, వచ్చినప్పుడు ఎలా ఉండేవారు, ఎందుకు మానేశారు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు తీసుకుని ఆయనే సాక్షిగా వస్తే అంతకంటే కావాల్సింది లేదు. ప్రైవేటు స్కూళ్లలో జీతం చేతికిస్తుంటారు కాబట్టి 18 వేలకు రుజువు ఏముందో ఇప్పుడే వెతుక్కోండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటే సరే. ఇంకోటి, స్కూటీ ఎక్కలేక ఆటోలో తిరుగుతుంటే ఆ ఖర్చు కూడా క్లెయిమ్‌లోకి వస్తుంది. ఆటో వాడు రసీదు ఇవ్వడు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

పాత చరిత్ర ఏమైనా ఉంటే లాయరుకు ముందే చెప్పండి. కాన్పు తర్వాత డిప్రెషన్‌కు మందులు వాడి ఉండొచ్చు, ఏదైనా కావచ్చు. అది ఉన్నంత మాత్రాన కేసు పోదు. ముందే సున్నితంగా ఉన్న మనిషిని గుద్ది, "గట్టి మనిషైతే ఇంత దెబ్బతినేది కాదు" అని తప్పించుకోవడం చట్టం ఒప్పుకోదు. దాచితే మాత్రం, బయటపడిన రోజు మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది. మానసిక వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీ అక్కకు ఉంది, కానీ ఆ గాయం మీద పరిహారం అడిగాక ఆ రికార్డు అవతలివాళ్లూ చూస్తారు, ప్రశ్నలు వేస్తారు. దానికి ఆవిడ సిద్ధమేనా అని ముందే అడగండి. సిద్ధం కాకపోతే కాలి గాయం వరకే కేసు నడుపుకోవచ్చు, అది ఆవిడ ఇష్టం. వాట్సాప్ స్టేటస్‌లు, ఫేస్‌బుక్ ఫోటోల సంగతి కూడా గుర్తుంచుకోండి. బంధువుల పెళ్లిలో నవ్వుతూ దిగిన ఫోటోను కోర్టులో చూపించి "ఈవిడకు ఏ బాధా లేదు" అంటారు. పెళ్లికి కారులో కళ్లు మూసుకుని వెళ్లిందని ఫోటోలో తెలియదుగా.

రాజీ గురించి. ఇన్సూరెన్స్ కంపెనీలు లోక్ అదాలత్‌లో ఎముక లెక్క చూసి ఒక అంకె చెబుతాయి. డబ్బు త్వరగా వస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ అక్కడ సంతకం పెడితే అప్పీలు లేదు, ఆ తర్వాత "ఇంకా నిద్ర పట్టడం లేదు" అని మళ్లీ రాలేరు. వైద్యం ఏ దారిన పోతోందో డాక్టరు చెప్పేదాకా, కనీసం కొన్ని నెలలు, ఆ సంతకం పెట్టించొద్దు. ఇంటికొచ్చి మాట్లాడిన ఆ మనిషి తెచ్చే కాగితాల మీద అసలే వద్దు. పిటిషన్లో ఎంత అడగాలన్న దాని మీద ఎక్కువ తల పట్టుకోకండి. అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు 2003 సరికే చెప్పేసింది.

మీ అమ్మ సంగతి కష్టమే, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఒంటికి దెబ్బ తగలకుండా చూసినందుకే మనసు దెబ్బతిన్నవాళ్లకు మన ట్రిబ్యునళ్లలో దారి ఇంకా సరిగ్గా పడలేదు. ఇంగ్లండులో 1982లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇలాంటి ఒక తల్లికి పరిహారం ఇచ్చింది. ఆవిడ ప్రమాదాన్ని చూడను కూడా లేదు, ఆసుపత్రికి వెళ్లి భర్తనూ పిల్లలనూ ఆ స్థితిలో చూసింది. ఆ తీర్పును మన కోర్టుల్లో వినిపించవచ్చు, మన కోర్టులు దానికి కట్టుబడాలని లేదు. మన దగ్గర 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసు ఉంది. ఆసుపత్రి నిర్లక్ష్యంతో బిడ్డ మెదడు దెబ్బతింటే బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రుల మానసిక వేదనకు విడిగా 5 లక్షలు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ అది వినియోగదారుల చట్టం కింద, అక్కడ తల్లిదండ్రులు కూడా వినియోగదారులే. లారీ వాడికి మీ అమ్మతో ఆ సంబంధం లేదు. నా సలహా, ఆవిడ పేరున వేరే కేసు వద్దు. అక్క కేసులో ప్రత్యక్ష సాక్షిగా ఆవిడ చాలా పనికొస్తారు. ఆవిడకూ వైద్యం చూపించండి. తీసుకెళ్లడం కుదరకపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. మీది రోడ్డు ప్రమాదం కాకపోతే దారి మారుతుంది. బిల్డరు, బ్యాంకు, ఆసుపత్రి లాంటి సేవల్లో లోపమైతే వినియోగదారుల కమిషన్, గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. మానసిక వేదన కింద అక్కడ మామూలుగా ఇచ్చేది వేలల్లో ఉంటుంది, దానికి డాక్టరు సాక్ష్యం కూడా పెద్దగా అడగరు. ఆఫీసులో లైంగిక వేధింపు అయితే 2013 చట్టం సెక్షన్ 15 మానసిక ట్రామాను, మానసిక వైద్యం ఖర్చును పేరు పెట్టి మరీ లెక్కలోకి తీసుకోమంటుంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలే. ఇంట్లో హింస అయితే 2005 చట్టం సెక్షన్ 22 కింద మానసిక హింసకు పరిహారం అడగొచ్చు.

ఫీజు గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సిందే. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అయినా ఈ కేసుల్లో అది ఎంతగా నడుస్తుందో అందరికీ తెలుసు. శాతం అడిగితే, డాక్టరు సాక్ష్యం ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. చాలాచోట్ల మానసిక గాయం పేరా పిటిషన్లో ఉండి సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యేది ఆ ఖర్చు దగ్గరే. అంత పెట్టుకోలేమంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఆధార్, ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్తే చాలు.